ఇంటి మురుగునీళ్లలో మందుల అవశేషాలు: జమ్ము మడి కట్టిస్తే పోతాయా?

అనంత_పెరడు: సెప్టిక్ ట్యాంకు తర్వాత జమ్ము మడి (కంకరలో జమ్ము నాటి, మురుగునీళ్లు పారించి శుభ్రం చేసే తొట్టి) కట్టాలనుకుంటున్నాం. ఇంట్లో ఐదుగురం. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, ఫిట్స్‌కు కార్బమాజెపైన్ రోజూ వాడే పెద్దవాళ్లున్నారు. నీళ్లు మామిడి చెట్లకు పోవాల. మడి సైజెంత, అడుగున ఏం పరచాల, మందు అసలు పోతుందా?

హంద్రీ_గట్టు: సైజు రాసుకో. చలిదేశాల లెక్క మనిషికి 5 చదరపు మీటర్లు, మన ఎండలకు 2 చాలు. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. కంకర 60 సెం.మీ., నీళ్లు 50 సెం.మీ. దాకా. కంకర సందుల్లో పట్టేది 40 శాతమే, అంటే 2,000 లీటర్లు. రోజుకు 500 లీటర్లు వదిలితే నీళ్లు లోపల నాలుగు రోజులుంటాయి. రెండు చివరలా అర మీటరు మేర 40–80 ఎం.ఎం. రాళ్లు, మధ్యన 10–20 ఎం.ఎం. కంకర. కడిగి పోయండి, క్రషర్ డస్టుతో పోస్తే ముందు మూసుకుపోయేది నీళ్లొచ్చే మూలే.

బండలపని_కడప: అడుగుకు కడప బండ పరిచి సందులు సిమెంటుతో పూడిస్తే సరి. ఆ కంకర కూడా ఎందుకబ్బా, పాలిష్ మిషన్ల దగ్గర పడేసిన బండ ముక్కలు పోసుకోండి.

కేసీ_కెనాల్: అడుగుకు బండ సరే. ముక్కలు మాత్రం వద్దన్నా. పలకలు కదా, ఒకదానిమీదొకటి పడుకుంటాయి, నీళ్లకు దారుండదు. పాలిష్ బురద అంటుకునే వస్తుంది. పైగా అది సున్నపురాయి.

బండలపని_కడప: సున్నపురాయైతే ఏం పోయింది? ఫాస్ఫరస్‌ను పట్టుకుంటుంది. తెలీకుండా మా రాయిని అనొద్దు.

కేసీ_కెనాల్: ఆయప్ప అడిగింది మందుల సంగతి. పట్టుకున్న ఫాస్ఫరస్ యాడికి పోతుంది, సందుల్లోనే పేరుకోదా? నమ్మకపోతే 10 లీటర్ల బకెట్ నిండా నీ ముక్కలు పోసి, లోటాతో కొలిచి నీళ్లు పోయి. 3.5 నుంచి 4 లీటర్లు పట్టాల. పట్టకపోతే ఆ రాయి మడికి పనికిరాదు.

బండలపని_కడప: పలకలు ఏరేసి, సమ్మెటతో పగలగొట్టి, జల్లెడ పడితే పడుతుంది.

కేసీ_కెనాల్: ఆ కూలీ డబ్బుతో ట్రాక్టరు గ్రానైట్ కంకర వస్తుంది కదప్పా!

ప్లాంటు_డిజైనర్: పెద్ద పెద్ద ప్లాంట్లు డిజైన్ చేసిన అనుభవంతో చెప్తున్నా. మందుల కాలుష్యమంటే పటాన్‌చెరు. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో బయటపడింది. దీనికి జమ్ము గిమ్ము చాలదు. ఆర్వో, ఓజోన్ తప్ప దారి లేదు.

పెన్నా_ఇసుక: సారూ, అది ఫ్యాక్టరీల నీళ్లు. ఆర్వో పెడితే ఆ రిజెక్ట్ నీళ్లు ఎవరింట్లో పోస్తారు? ఇంటి సంగతి వినండి. పారాసిటమాల్, కెఫీన్, ఇబుప్రొఫెన్ సూక్ష్మజీవులకు తేలిగ్గానే లొంగుతాయి, గాలి తగలాలంతే. హంద్రీ గట్టు చెప్పిన అడ్డంగా పారే మడిలో గాలి తక్కువ. దానికి ముందు నిలువు మడి కట్టండి: కింద కంకర, పైన కడిగిన గరుకు ఇసుక 50 సెం.మీ., నీళ్లు ఒకేసారి కాకుండా రోజుకు నాలుగైదు విడతలుగా పైన చల్లాల. విడతకూ విడతకూ మధ్య ఇసుక ఆరితేనే గాలి దిగేది. కార్బమాజెపైన్ మాత్రం మొండిది. మడి దాటి చాలామటుకు అట్లే వస్తుంది.

హంద్రీ_గట్టు: మెట్‌ఫార్మిన్ వదిలేసినారు. 1,000 మి.గ్రా. మింగితే చాలావరకు మారకుండానే బయటికొస్తుంది. ఊరంతటి మురుగులో కలిస్తే మైక్రోగ్రాములే గానీ, ఒక్క ఇంటి 500 లీటర్లలో లీటరుకు 2 మి.గ్రా. దగ్గరికి పోతుంది. గాలి ఉంటే తరుగుతుంది, కానీ గ్వానిల్‌యూరియా అనే ఇంకో పదార్థంగా మారి మిగులుతుంది. మెట్‌ఫార్మిన్ కనపడలేదని ల్యాబ్ కాగితం చూసి సంబరపడొద్దు.

తుంగ_గడ్డి: ఇంత లెక్కలెందుకు, గుర్రపుడెక్క వేస్తే అన్నీ పీలుస్తుంది.

కేసీ_కెనాల్: కాలువల్లో దాన్ని పీకలేక చస్తున్నాం, ఇంట్లోకి కూడా తెస్తావా సామీ! జమ్ము, మెట్టతామర చదరపు మీటరుకు నాలుగు దుబ్బులు చాలు.

ప్లాంటు_డిజైనర్: ల్యాబ్ కాగితం అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇట్లాంటి మడి రిపోర్టు చూసినా. కార్బమాజెపైన్ లీటరుకు లోపలికి 10 మైక్రోగ్రాములు, బయటికి 12.5. మడి మందు తయారు చేస్తోందా?

పెన్నా_ఇసుక: ఎండాకాలం నమూనా అయ్యుంటుంది. చదరపు మీటరుకు రోజూ 10 లీటర్లు ఆవిరైతే 10 చదరపు మీటర్ల మడిలో 100 లీటర్లు పోతాయి. లోపలికి 500 సార్లు 10, బయటికి 400 సార్లు 12.5, రెండూ 5,000. తగ్గలేదు, పెరగలేదు. నీళ్లు కొలవకుండా గాఢత ఒక్కటే రాసిన రిపోర్టు దేనికీ పనికిరాదు. ఇంకోటి, ఒంట్లో వేరే పదార్థంతో జతకట్టి బయటికొచ్చిన కార్బమాజెపైన్ మురుగులో విడిపోయి మళ్లీ మందుగా లెక్కకొస్తుంది.

ప్లాంటు_డిజైనర్: అది నాకు తెలిసిందే.

బండలపని_కడప: తెలిస్తే అడగడమెందుకు 😀

అనంత_పెరడు: నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్ కూడా వాడతారు. దానికేం చేయాల?

పెన్నా_ఇసుక: అది ఎండకు విరుగుతుంది. చివర్లో 20–30 సెం.మీ. లోతు తెరిచిన తొట్టి కట్టి నీడ పడకుండా చూసుకోండి. దోమలకు గంబూసియా చేపలు వదలండి.

హంద్రీ_గట్టు: సిప్రో లాంటివి బురదకే అంటుకుంటాయి. సెప్టిక్ ట్యాంకు తోడిన మడ్డి కూరగాయల మడుల్లో పోయొద్దు. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ గూడా ఆ లైనులోకి పోనియ్యొద్దు, సూక్ష్మజీవులు చస్తాయి.

అనంత_పెరడు: అడుక్కు నల్లరేగడి తొక్కిస్తే చాలదా? ప్లాస్టిక్ షీట్ ఖర్చు తప్పుతుంది.

కేసీ_కెనాల్: ఊరెళ్లి పది దినాలు నీళ్లు పారకపోతే రేగడి నెర్రెలిస్తుంది, తర్వాత నీళ్లన్నీ బోరులోకే. బండ వద్దనుకుంటే 1 ఎం.ఎం. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీట్ వేసి, కింద, పైన రెండంగుళాల ఇసుక పరచండి. బయటికి పోయే పైపుకు తిప్పుకునే ఎల్బో పెట్టండి, దాన్ని జిగురుతో అంటించొద్దు. అది వంచితేనే మడిలో నీటిమట్టం తగ్గేది.