బైపీసీ చెల్లెకి ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగా, బీఫార్మసీయా?

సింగూరు_నీళ్లు:
అందరికీ నమస్తే. మా చెల్లె ఇంటర్ బైపీసీ అయిపోయింది, ఎప్‌సెట్ ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌లో బీఫార్మసీ, ఫార్మ్‌-డితో పాటు బీటెక్ ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ అని కూడా ఉంది. "రెండూ మందుల చదువులే కదా, ఇంజినీరింగ్ అని పేరున్నది పెట్టు" అంటున్నడు మా నాన్న. మా దిక్కు ఇది చదివినోళ్లు ఎవరూ లేరు. రేపు అవసరమైతే మెడికల్ షాపు పెట్టుకోవచ్చా? ఆడపిల్లకి ఫ్యాక్టరీ ఉద్యోగం ఎట్లుంటది? తెలిసినోళ్లు చెప్పండి.

బి_షిఫ్టు_అక్క:
తమ్ముడూ, ముందు మెడికల్ షాపు సంగతి తేల్చేస్తా. కుదరదు. ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావాలంటే డీఫార్మసీ, బీఫార్మసీ, ఫార్మ్‌-డి లాంటి ఫార్మసీ చదువే ఉండాలి. మన బీటెక్ దానికి పనికిరాదు. ఎంఫార్మసీకి రాసే జీప్యాట్ పరీక్ష కూడా ఫార్మసీ వాళ్లకే. మనం పీజీకి వెళ్లాలంటే గేట్‌లో కెమికల్ ఇంజినీరింగ్ పేపరు రాసుకోవాలి. షాపు ఆశ ఏ మూల ఉన్నా బీఫార్మసీ పెట్టేయండి.

నేను ఇదే బీటెక్ చదివి పటాన్‌చెరు వైపు మాత్రల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో చేస్తున్నా. మీ నాన్నగారు అనుకుంటున్నట్టు ఇది మందుల చదువు కాదు, మందుల తయారీ చదువు. ఫార్మకాలజీ (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పేది) కొంచెం ఉంటుంది గానీ నాలుగేళ్లూ వెంటపడేవి హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్, రియాక్షన్ ఇంజినీరింగే. ఎందుకంటావా? ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కు వేడెక్కితే ఐసు గిన్నెలో పెడితే చల్లారుతుంది. అదే ఆకారంలో 1,000 లీటర్ల రియాక్టర్ తీసుకో. సరుకు వెయ్యింతలైతే, వేడి బయటికి పోయే గోడ వందింతలే అవుతుంది. అంటే లీటరు సరుకుకి దక్కే గోడ పదో వంతు. అందుకే ల్యాబ్‌లో గబగబా పోసేసేది ప్లాంటులో గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతారు. ఎంత నెమ్మదిగా వదలాలో లెక్క కట్టేవాడే ఇంజినీరు.

నా రోజు గడిచేది గ్రాన్యులేషన్ దగ్గర, అంటే మందు పొడిని చిన్న గింజలుగా చేసే చోట. పొడిలో బైండర్ ద్రావణం (జిగురులాంటిది) పోసి ఆర్‌ఎంజీ అనే పెద్ద మిక్సర్‌లో కలుపుతాం. ఎక్కడ ఆపాలన్నదే అసలు విద్య. తెర మీద ఇంపెల్లర్ (కలిపే రెక్క) లాగే కరెంటు ఆంపియర్లు పెరుగుతుంటాయి, ఎంతకి రాగానే ఆపాలో బీఎంఆర్‌లో, అంటే ఆ బ్యాచ్ తయారీ రికార్డులో రాసి ఉంటుంది. అయినా సీనియర్ ఆపరేటర్ మిషన్ ఆపించి, గ్లవ్ చేత్తో ఇంత ముద్ద తీసి పిడికిట్లో నొక్కి చూస్తాడు. సున్నుండలా నిలవాలి, బొటనవేలు ఆన్చితే పగలాలి. తడి ఎక్కువైతే గింజలు రాళ్లయి మాత్ర టైముకి కరగదు, డిసల్యూషన్ (కరిగే) పరీక్షలో పోతుంది. తక్కువైతే కంప్రెషన్‌లో, అంటే గింజల్ని మాత్రగా నొక్కేటప్పుడు మాత్ర పైపెచ్చు టోపీలా లేచిపోతుంది, క్యాపింగ్ అంటాం. ఆ తర్వాత ఎఫ్‌బీడీలో (వేడిగాలి డ్రయ్యర్) ఆరబెట్టడం, ఎల్‌ఓడీ (ఇంకా ఎంత తేమ ఉందో) చూడటం, ప్రతి అడుగుకీ సంతకం, టైము. ఇక్కడ పని ఎంతో రాత కూడా అంత, ఆ రాతకోతలు నచ్చనివాళ్లు ఇందులో నిలవరు.

ఆడపిల్ల సంగతి. మందు తయారయ్యే ఏరియాలోకి వెళ్లేటప్పుడు గాజులు, చెవిదిద్దులు, బొట్టు, పౌడరు అన్నీ బయటే. (మా అత్తమ్మకి ఇప్పటికీ మింగుడుపడదు.) నైట్ షిఫ్టు కొన్ని కంపెనీలు వేస్తాయి, కొన్ని వేయవు. ఇంటర్వ్యూలోనే అడిగేయాలి, మొహమాటపడొద్దు.

పాశమైలారం ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు మీకూ గుర్తుండే ఉంటుంది. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చూడ్డానికి మైదాలాంటి పొడి. ఏ ఫ్యాక్టరీలోనైనా అలాంటి సన్నపొడి గాల్లో దట్టంగా లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. ప్రాసెస్ సేఫ్టీ పేపరుని పిల్లలు పాసైతే చాలనుకుంటారు. చెల్లెను దాన్ని మనసుపెట్టి చదవమను.

లేబుల్_వెనకాల:
అక్క చెప్పింది నిజమే గానీ నేను బీఫార్మసీ చదివి క్యూఏలో (నాణ్యత చూసే విభాగం) ఉన్నా కాబట్టి రెండో వైపు చెప్తా. చాలా ఉద్యోగ ప్రకటనల్లో "బీఫార్మసీ, ఎంఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ" అనే రాస్తారు. హెచ్‌ఆర్‌కి ఈ బీటెక్ ఏంటో తెలియక పక్కన పెట్టేయడం నేను చూశా. ఔషధ నియమాల్లోనే చూడండి, తయారీని పర్యవేక్షించే టెక్నికల్ వ్యక్తిగా ఫార్మసీ గ్రాడ్యుయేట్‌కి 18 నెలల అనుభవం చాలు, కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకి 3 ఏళ్లు కావాలి. పైగా మాకు రెగ్యులేటరీ (మందుల అనుమతుల పని), ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) దారులు కూడా ఉన్నాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి రాయొచ్చు.

బి_షిఫ్టు_అక్క:
ఒప్పుకుంటా, ప్రకటనల బాధ నిజమే. అందుకే మేం "కెమికల్ ఇంజినీరింగ్ లేదా తత్సమానం" అని ఉన్నవాటికి అప్లై చేస్తాం. టెక్ ట్రాన్స్‌ఫర్ (ల్యాబ్ పద్ధతిని ప్లాంటుకి తేవడం), స్కేల్-అప్ (చిన్న బ్యాచ్‌ని పెద్దది చేయడం), ప్రాజెక్టుల్లో మాత్రం మమ్మల్నే వెతుక్కుంటారు. తమ్ముడూ, కాలేజీకి వెళ్తే టాబ్లెట్ పంచింగ్ మిషన్ నడిపి చూపించమనండి. కవరు మీద దుమ్ము పేరుకుని ఉంటే మీకే అర్థమవుతుంది. పోయిన బ్యాచ్‌లో ఫార్మా కంపెనీలకి ఎంతమంది వెళ్లారు, సాఫ్ట్‌వేర్‌కి ఎంతమంది వెళ్లారు, ఇది కూడా విడిగా అడగండి. "ప్లేస్‌మెంట్లు బాగున్నాయి" అంటే సరిపోదు.

సింగూరు_నీళ్లు:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. చెల్లెకి చూపించిన. షాపు మీద ఆశ లేదట, మిషన్లు అంటే ఇష్టమేనట. కానీ లెక్కలంటే భయపడుతోంది. బైపీసీ కదా, నెట్టుకురాగలదా?

బి_షిఫ్టు_అక్క:
బీఫార్మసీలో బైపీసీ వాళ్లకి మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథ్స్ అని ఒకటి పెట్టి వదిలేస్తారు. ఇక్కడ వదలరు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చివరిదాకా ఉంటాయి. నా క్లాసులో బైపీసీ అమ్మాయిలు ఉన్నారు, మొదటి ఏడాది ఏడ్చారు, తర్వాత కుదురుకున్నారు. వెబ్ ఆప్షన్లకి ఇంకా టైముంది కదా, ఎంపీసీ వాళ్ల దగ్గర మ్యాథ్స్ 1బి పుస్తకం తెచ్చి లిమిట్స్, డెరివేటివ్స్ రెండు చాప్టర్లు చేయించు. విసుగొచ్చినా కూర్చుని చేస్తే ఇంజినీరింగ్ మొదటి ఆప్షన్ పెట్టండి. పుస్తకం మూలన పడేస్తే బీఫార్మసీ పెట్టండి.