మందు కల్లు (మత్తుమందు కలిపిన కల్లు) తాగి బండి నడిపాడని కోర్టులో ఎలా రుజువు చేస్తారు?

బత్తాయి తోట, దేవరకొండ

నిరుడు మార్చిలో కొండమల్లేపల్లి దగ్గర మా బాబాయిని ట్రాలీ ఆటో వెనక నుంచి గుద్దింది. తోటకు నీళ్లు పెట్టి మోపెడ్ మీద ఇంటికి వస్తున్నాడు. వెనకే నేను స్కూటీ మీద ఉన్నాను. నన్ను దాటేటప్పుడే ఆ ఆటో రోడ్డు దిగి మళ్లీ ఎక్కింది. మూడో రోజు బాబాయి పోయాడు.

డ్రైవర్ కిందికి దిగి, నిలబడలేక చక్రం పక్కనే కూలబడ్డాడు. పేరు అడిగితే మాట ముద్దగా వచ్చింది. కల్లు వాసన. గంటన్నర తర్వాత పోలీసులు ఊదిస్తే 22 వచ్చింది. 30 దాటలేదు కాబట్టి మత్తే లేదంటున్నాడు వాళ్ల వకీలు. రక్తం రిపోర్టులో అల్ప్రాజోలం అనే మత్తుమందు ఉందని వచ్చింది. అది డాక్టర్ రాసిన నిద్రమాత్ర అంటున్నారు. వచ్చే నెల నా సాక్ష్యం. "వాడు తాగిన సంగతి చెప్తవు కదా బిడ్డా" అని పిన్ని రోజూ అడుగుతోంది. నేను చెప్పేది నిలబడుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాలమూరు వకీలు

అమ్మా, 22 చూసి భయపడకండి. మోటారు వాహనాల చట్టం 185లో రెండు దారులున్నాయి. ఒకటి మద్యం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటాలి. గంటకు దాదాపు 15 చొప్పున తగ్గుతుంది కదా, గుద్దినప్పుడు ఎక్కువే ఉండేదని లెక్క కట్టొచ్చు. కానీ చట్టం అడిగేది పరీక్షలో తేలిన అంకెను. ఆ లెక్క మీద కేసు నిలబెట్టొద్దని నా అభిప్రాయం.

రెండోది మత్తుమందు. దీనికి అంకె లేదు. బండిని అదుపులో ఉంచుకోలేని స్థితిలో ఉన్నాడని చూపాలి. మా జిల్లాలో మందు కల్లు కేసులన్నీ ఇక్కడే చిక్కుకుంటాయి, ఎందుకంటే ఊదే మిషన్‌కు అల్ప్రాజోలం దొరకదు. రక్తంలో మందు ఉందని తేలినా సరిపోదు, అది ఆ మనిషిని ఏం చేసిందో చూసినవాళ్లు చెప్పాలి. ఆ చూసినవాళ్లలో మీరొకరు.

వాసన, తూలడం, మాట తడబడటం మాత్రమే ఉంటే తాగినట్టు తేల్చలేమని 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ల్యాబ్ రిపోర్టు, మీ మాట రెండూ కలవాలి. "తాగి ఉన్నాడు" అనకండి. రోడ్డు దిగి ఎక్కడం, కూలబడటం, పేరు చెప్పలేకపోవడం, ఇవి చెప్పండి.

ఇంకోటి, మత్తు నిలబడకపోయినా, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినందుకు భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. పిన్నిగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నల్గొండ

క్రాస్ ఎగ్జామినేషన్‌లో డ్రైవర్ తరఫు వకీలు పట్టుకునేది రక్తం సీసానే. సోడియం ఫ్లోరైడ్ వేసిన సీసాలో తీశారా? అది లేకుంటే నిల్వలో మద్యం తగ్గిందనో, పుట్టిందనో అంటారు. సూది గుచ్చే చోట స్పిరిట్‌తో తుడిచారా, అదీ ఆల్కహాలే కదా? సీలు ఎవరు వేశారు, హైదరాబాద్ ల్యాబ్‌కు చేరేదాకా ఎవరి దగ్గర ఉంది? మద్యం అంకెకే కాదు, అల్ప్రాజోలం రిపోర్టుకు కూడా ఆ సీలే ప్రాణం. రక్తం తీసిన డాక్టర్ ఆ రోజు నడిపించి చూసి కాగితం మీద ఏం రాశారో పీపీ (ప్రభుత్వ వకీలు) గారిని అడుగమ్మా. బిజీ డ్యూటీలో ఆ నాలుగు లైన్లు రాయడం మరిచిపోతారు, నాకది తెలుసు.

బత్తాయి తోట, దేవరకొండ

ఇద్దరికీ దండాలు. డాక్టర్ కాగితంలో "నిలకడ లేదు, మాట స్పష్టంగా లేదు" అని ఉందట, పీపీ గారు చెప్పారు. కానీ పోలీసులు రాసుకున్న నా వాంగ్మూలంలో ఆటో రోడ్డు దిగిన మాట లేదు. "వేగంగా వచ్చి గుద్దింది" అని మాత్రమే ఉంది. ఇప్పుడు చెబితే కల్పించానంటారా?

పాలమూరు వకీలు

అంటారు. అయినా చెప్పండి, అది మీరు చూసిందే కదా. వాంగ్మూలంలో లేదన్న సంగతి ముందే పీపీ గారికి చెప్పండి. వాళ్లు అడిగితే, పోలీసులు అడిగిన వాటికే జవాబు ఇచ్చానని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దూరం, టైము గుర్తు లేకపోతే గుర్తు లేదనండి, ఊహించి చెప్పొద్దు.