చెరోకీ (నార్త్ కరోలినా): 24 మందితో వెళ్తే ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు?

అట్లాంటా_బృందం
అందరికీ నమస్కారం. జులై రెండో వారాంతం 24 మందిమి చెరోకీ (స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు అంచున, చెరోకీ అనే మూలవాసుల తెగ భూమిలోని ఊరు) వెళ్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఏడుగురు, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 మంది. మ్యూజియం, ఇండియన్ విలేజ్ (చెరోకీల పాత పల్లె నమూనా), వాళ్ల చరిత్ర మీద రాత్రి ఆడే డ్రామా ఒకే రోజులో అవుతాయా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు క్లింగ్‌మన్స్ డోమ్ శిఖరం ఎక్కగలరా? శాకాహారులకు తిండి ఎలా? హోటల్ మంచిదా, క్యాబిన్ మంచిదా? రోడ్డు పక్కన ఈకల కిరీటం పెట్టుకుని నిలబడేవాళ్లతో పిల్లలకి ఫోటో తీయిద్దామనుకుంటున్నాం, వాళ్లు ఏ టైములో ఉంటారు?

నాలుగుచక్రాలు
ముందు పార్కింగ్ సంగతి తేల్చుకోండి. స్మోకీ మౌంటెన్స్ పార్కుకి ప్రవేశ రుసుం లేదు, కానీ 2023 మార్చి నుంచి 15 నిమిషాలు దాటి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. బండికొకటి. నాలుగు బళ్లయితే నాలుగు ట్యాగులు, ఒకటి కొని మార్చి మార్చి పెట్టుకోవడం కుదరదు. ఆన్‌లైన్లో కొంటే ప్రింటు తీసి బండిలో బయటికి కనిపించేలా పెట్టాలి, ఫోన్లో చూపిస్తే చెల్లదు. అన్ని నేషనల్ పార్కులకీ పనికొచ్చే వార్షిక పాస్ ఉన్నా ఇక్కడ ట్యాగ్ విడిగా కొనాల్సిందే. అదే చెరోకీ ఊళ్లో గానీ, మింగో ఫాల్స్ జలపాతం దగ్గర గానీ ట్యాగ్ అక్కర్లేదు, అది తెగ భూమి. బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీదా అక్కర్లేదు.

విలేజ్_ముందు
మూడూ ఒకే రోజు అవుతాయి, వరస మాత్రం మార్చకండి. పొద్దున్నే ఓకోనలుఫ్టీ ఇండియన్ విలేజ్, మధ్యాహ్నం ఎండకి మ్యూజియం, రాత్రి డ్రామా. విలేజ్ కొండవాలు మీద ఉంటుంది, మట్టిదారి, ఎత్తుపల్లాలు. స్ట్రోలర్ తోయడం కష్టం. గైడు వెంట నడుస్తూ చూడాలి, మధ్యలో కూర్చునే చోట్లు తక్కువ కాబట్టి పెద్దవాళ్లకి మడత కుర్చీలు రెండు పట్టుకెళ్లండి. 1700ల నాటి చెరోకీ పల్లె ఎలా ఉండేదో అలా కట్టి 1952లో తెరిచారు. లోపల పని చేసేవాళ్లు ఆ పని నిజంగా వచ్చినవాళ్లు. తులిప్ పాప్లర్ దుంగ మీద నిప్పు పెట్టి, కాలిన భాగం గీకి తీసేసి, మళ్లీ కాల్చి పడవ తొలుస్తారు. నది ఒడ్డు రెల్లు గొట్టంతో ఊదే బాణం చూపిస్తారు, బాణానికి వెనక ఈకలకి బదులు ముళ్లగడ్డి పువ్వు దూది చుట్టి ఉంటుంది. ఊదినప్పుడు గాలి పక్కలనుంచి జారిపోకుండా గొట్టాన్ని నింపేది ఆ దూదే. పిల్లలు అక్కడే అతుక్కుపోతారు, కనీసం 15 నిమిషాలు వదిలేయండి.

డ్రామా పేరు అన్‌టు దీజ్ హిల్స్, 1950 నుంచి వేసవిలో ఆడుతోంది. పైకప్పు లేదు. రెయిన్‌కోట్లు తెచ్చుకోండి, గొడుగు తెరిస్తే వెనకవాళ్లకి అడ్డం. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకి ముందు కారులోనే కథ చెప్పేయండి: 1830లో మూలవాసులను పడమటికి పంపే చట్టం, 1838లో సైన్యం వచ్చి చెరోకీలను ఇళ్లల్లోంచి పట్టుకెళ్లి పడమటికి నడిపించడం, కొందరు ఈ కొండల్లోనే నిలిచిపోవడం. అంత తెలిస్తే చాలు, మిగతాది కళ్లతోనే అర్థమవుతుంది. తుపాకీ మోతలుంటాయి, 6 ఏళ్ల పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. 24 టికెట్లు ఒకేచోట కావాలంటే బాక్సాఫీసుకి ఫోన్ చేసి గ్రూపు రేటు అడగాలి, ఆన్‌లైన్లో వరస చెదిరిపోతుంది. ఏయే వారాల్లో సెలవో ఏటా మారుతుంది, టికెట్టు కొన్నాకే మిగతా రోజులు సర్దుకోండి.

కొండగాలి
ఈకల కిరీటం ఫోటో దయచేసి వద్దు. ఆ పొడుగు ఈకల కిరీటం, ఆ టీపీ గుడారం చెరోకీలవి కావు, పడమటి మైదాన ప్రాంతపు జాతులవి. చెరోకీలు కర్రల అల్లికకి మట్టి మెత్తి కట్టిన ఇళ్లల్లో ఉండేవాళ్లు, తలకి గుడ్డ పాగా చుట్టేవాళ్లు. టూరిస్టులు సినిమాల్లో చూసిందే అడుగుతారని దుకాణాల ముందు టీపీలు పాతారు. పిల్లలకి ఆ ఫోటో ఇస్తే జీవితాంతం అదే చెరోకీ అనుకుంటారు.

ఓరుగల్లు_పోరి
గట్ల మీరెట్ల చెప్తరు? ఆ వేషం కట్టేది చెరోకీ మనిషే. తన భూమి మీద, తన ఇష్టంతోని కడుతున్నడు. టూరిస్టులు వచ్చుడు మొదలైనప్పటి నుంచి కొన్ని కుటుంబాలు దాని మీదనే పిల్లలను చదివించినయి. మన పగటివేషాల వాళ్లకు ఉన్నట్టే అది వాళ్లకు పొట్టకూటి విద్య. టిప్పు ఇచ్చి, పేరు అడిగి, రెండు మాటలు మాట్లాడితే తప్పేముంది? మనం పోయి వాళ్లకు వాళ్ల సంస్కృతి నేర్పుడు ఇంకా పెద్ద తప్పు.

కొండగాలి
పగటివేషాల వాళ్లు మన పురాణమే ఆడారు, ఇంకో దేశపు వేషం కట్టలేదు. వాళ్లని నేను తప్పుపట్టట్లేదు, అడిగే టూరిస్టుల గురించి చెప్తున్నా. అడిగేవాళ్లు ఉన్నన్నాళ్లే ఆ వేషం ఉంటుంది. అదే డబ్బు విలేజ్ టికెట్టుకి పెట్టండి, అక్కడ పనిచేసేది కూడా చెరోకీలే.

ఓరుగల్లు_పోరి
టికెట్టు పైసలు నెల జీతంల పోతయి, టిప్పు ఆయన చేతిల పడుతది. రెండూ ఒకటే అంటే ఎట్ల?

మజ్జిగపులుసు
ఇద్దరూ ఆగండి. అడిగింది పిల్లలతో చేసే ట్రిప్ గురించి. రోడ్డు పక్కన ఉన్నాయన్ని ఫోటో తీస్తే టిప్పు ఇవ్వాలి, అడగకుండా దూరం నుంచి జూమ్ చేయకూడదు. ఏ వేషం ఎవరిదో పిల్లలకి మ్యూజియంలో చెప్పండి.

కొండగాలి
"ఆగండి" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ విషయంలో మధ్యేమార్గం లేదు. మ్యూజియం 1948లో మొదలైంది, 2023లో పేరు మార్చుకుని మ్యూజియం ఆఫ్ ద చెరోకీ పీపుల్ అయింది. అందులో ఇండియన్ అన్న మాట తీసేశారు. వాళ్లు తమ గురించి ఏం చెప్పుకోవాలనుకుంటున్నారో అది వినడానికే వెళ్లాలి.

పార్క్‌వే_మాస్టారు
ఈ కొండల్లో ప్రతి మలుపూ నాకు తెలుసు, కాబట్టి ఎవరూ చెప్పని సంగతులు చెప్తున్నా. క్లింగ్‌మన్స్ డోమ్ 6,643 అడుగులు. పార్కింగ్ నుంచి టవర్‌కి అర మైలు తారుదారే, కానీ చాలా నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడం ఒక ఎత్తు, దిగడం అంతకంటే బాధ. టవర్ మీదకి మెట్లుండవు, 375 అడుగుల ర్యాంప్. పెద్దవాళ్లని పార్కింగ్ లాట్ అంచునే కూర్చోబెట్టండి, చూడాల్సిన కొండల వరసలు సగం అక్కణ్నుంచే కనపడతాయి. ఇంకా హాయి కావాలంటే దారిలోనే వచ్చే న్యూఫౌండ్ గ్యాప్, 5,046 అడుగులు, బండి దిగితే చాలు. పైన కింద కంటే 10 నుంచి 20 ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లగా ఉంటుంది, జులైలో కూడా స్వెటర్లు కావాలి. పొద్దున 9 లోపు చేరకపోతే నాలుగు బళ్లకి ఒకేసారి చోటు దొరకదు. 441 హైవే మీద పార్కు లోపల పెట్రోలు బంకులు లేవు, సిగ్నలూ చాలాచోట్ల ఉండదు. ట్యాంకు చెరోకీలోనే నింపుకుని, మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి.

కొండగాలి
మాస్టారూ, 2024 సెప్టెంబరు నుంచి క్లింగ్‌మన్స్ డోమ్ పేరు కువోహి. తెగ అడిగితే అధికారికంగా మార్చారు. బోర్డులూ మారాయి. కొత్తవాళ్లు మీ మాట విని పాత పేరు వెతుకుతూ తిరగాలా?

పార్క్‌వే_మాస్టారు
పేరు కువోహి, ఒప్పుకుంటాను. దారి మాత్రం అదే. డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు కువోహికి వెళ్లే 7 మైళ్ల రోడ్డు మూసేస్తారు, అది కూడా రాసుకోండి. పార్క్‌వే దక్షిణపు చివర, 469వ మైలు, చెరోకీ పక్కనే ఉంది. వాటర్‌రాక్ నాబ్ అనే కొండ 451వ మైలు దగ్గర. అక్కడ సూర్యాస్తమయానికి కొండ ఎక్కక్కర్లేదు, పార్కింగ్ గట్టు మీదే కుర్చీలు వేసుకోవచ్చు. గంటకి 45 మైళ్లు దాటకండి, సొరంగాల్లో హెడ్‌లైట్లు వేయండి. బాల్సమ్ మౌంటెన్ రోడ్డు మాత్రం పెద్ద వ్యాన్లకి వద్దు. కంకర, వన్‌వే, వెనక్కి తిప్పే చోటుండదు.

నాలుగుచక్రాలు
వ్యాన్ మాట వచ్చింది కాబట్టి: డ్రైవరుతో కలిపి 15 మంది వరకే మామూలు లైసెన్సు. 16 సీట్ల బండి నుంచి కమర్షియల్ లైసెన్సు కావాలి. 24 మందికి ఒక మినీ బస్సు సొంతంగా నడుపుదాం అనుకునేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. మూడు మినీవ్యాన్లు, ఒక కారు మేలు. 15 సీట్ల వ్యాన్ నిండా మనుషుల్ని ఎక్కించి పైన సామాను కడితే బరువు పైకీ వెనక్కీ జరుగుతుంది, ఘాట్ మలుపుల్లో బోల్తా పడేది అలాగే. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ కూర్చోకండి, గేరు తగ్గించండి. బ్రేకులు కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి.

మజ్జిగపులుసు
తిండి గురించి ఒక్కరూ రాయలేదు. అక్కడి సొంత వంట బీన్ బ్రెడ్: మొక్కజొన్న పిండిలో ఉడికిన చిక్కుడు గింజలు కలిపి, ముద్ద చేసి, ఆకులో చుట్టి నీళ్లలో ఉడికిస్తారు. అలా వింటే శాకాహారమే, కానీ వడ్డించేటప్పుడు పైన పంది కొవ్వు కరిగించి పోసే అలవాటు ఉంది. కొవ్వు వద్దని ముందే చెప్పాలి, పిండిలో కలిపారా అనీ అడగాలి. ఫ్రై బ్రెడ్ అయితే ఏ నూనెలో వేయిస్తున్నారో అడగండి, చాలాచోట్ల మాంసం వేయించిన నూనే. కడుపు నింపేది మాత్రం మీ కూలరే. చింతపండు పులిహోర పొద్దున కలిపితే సాయంత్రం దాకా నిలుస్తుంది, పెరుగన్నం ఐసులోనే ఉండాలి. ఊరి మధ్య ఓకోనలుఫ్టీ ఐలాండ్స్ పార్కులో బల్లలున్నాయి, నది మోకాళ్ల లోతు, పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్లు నీడలో కూర్చోవచ్చు. నది రాళ్లు నాచు పట్టి జారతాయి, చెప్పులతో కాదు, వెనక పట్టీ ఉన్న శాండల్స్‌తో దింపండి. పార్కులో మిగిలిన అన్నం పొదల్లో పారేయకండి, ఎలుగుబంట్లు మనిషి తిండికి మరుగుతాయి. అలా అలవాటుపడ్డ ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది.

విలేజ్_ముందు
ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) చూడాలంటే ఓకోనలుఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పొలం, తెల్లవారుజామున లేదా చీకటి పడేముందు. 2001, 2002లలో 52 ఎల్క్‌లను తెచ్చి పార్కులోని కాటలూచీ లోయలో వదిలారు, ఇప్పుడు ఇటు దాకా పాకాయి. 50 గజాల దూరం చట్టం. జులైలో పిల్లలతో ఉన్న తల్లి ఎల్క్‌లుంటాయి, గడ్డిలో పడుకున్న దూడ కనపడదు, తల్లి మీదకొస్తుంది. మనవాళ్లు సెల్ఫీ కోసం పొలంలోకి దిగడం మానాలి, ఇది కోపంతోనే రాస్తున్నా.

ఓరుగల్లు_పోరి
మింగో ఫాల్స్ ఎవరూ సరిగ్గ చెప్పలే. దాదాపు 120 అడుగుల జలపాతం, కానీ 161 మెట్లు. పెద్దోళ్లకు వద్దు. లాట్ చిన్నది, పొద్దుగాల్నే పోవాలె. కొనుక్కునేది ఏమన్నుంటే మ్యూజియం ఎదురుంగ క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌ల కొనుర్రి. 1946ల చేసేటోళ్లే పెట్టుకున్న సహకార సంఘం. రెల్లు బుట్ట ధర చూసి బేరం మొదలువెట్టకుర్రి. రెల్లు కోసి, చీల్చి, చెక్కి, బ్లడ్‌రూట్ వేరుతోని నారింజ రంగు, బటర్‌నట్ వేరుతోని నలుపు రంగు ఎక్కించి, అప్పుడు అల్లుతరు. డబుల్ వీవ్ అంటే లోపలొక బుట్ట, బయటొక బుట్ట, నడుమ అతుకు లేకుండ ఒకటే అల్లిక. లోపల వేలు పెట్టి చూస్తె బయట లెక్కనే నున్నగుంటది. అంత పెట్టలేకుంటె గుప్పిట్ల పట్టే చిన్న బుట్ట తీసుకోర్రి.

కొండగాలి
ఈ ఒక్క మాటకి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. బయటి దుకాణాల్లో నేటివ్ అని రాసి ఉంటే చేసినవాళ్ల పేరు, తెగ పేరు అడగండి. తెగవాళ్లు చేయనిది తెగ సరుకని అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం.

వీసా_జాగ్రత్త
ఒక హెచ్చరిక. తెగ భూమి మీద 21 దాటినవాళ్లకి గంజాయి దుకాణం ఉంది. కేంద్ర చట్టంలో అది ఇప్పటికీ నేరమే. హెచ్1బీ, గ్రీన్‌కార్డు వాళ్లు కొన్నా, కొన్నామని ఒప్పుకున్నా ఇమిగ్రేషన్లో చిక్కే. ఊరు దాటగానే 441 నేషనల్ పార్కులోకి వెళ్తుంది, అది కేంద్ర భూమి.

అట్లాంటా_బృందం
పిల్లల ట్రిప్‌కి ఇదెందుకండీ?

వీసా_జాగ్రత్త
24 మందిలో కాలేజీ కుర్రాళ్లుంటే చాలు. చెప్పి తీసుకెళ్లండి.

ట్రౌట్_గాలం
రెండో రోజు బృందాన్ని రెండుగా చీల్చండి. కుర్రాళ్లు నాంటహాలా నదిలో రాఫ్టింగ్‌కి, పెద్దవాళ్లు పక్క ఊరు బ్రైసన్ సిటీలో టూరిస్టు రైలుకి. నాంటహాలాలో కనీసం 60 పౌన్ల బరువు ఉండాలి, మీ 6 ఏళ్ల వాళ్లు ఆగిపోతారు. డ్యామ్ అడుగు నుంచి వదిలే నీళ్లు, జులైలోనూ 50 ఫారన్‌హీట్ చుట్టూ ఉంటాయి. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, వణికిపోతారు. సింథటిక్ వేసుకోండి.

మిగిలిన చిన్నపిల్లలకి చేపలు. తెగ నీళ్లలో రాష్ట్రం లైసెన్సు పనికిరాదు, తెగ పర్మిట్ కావాలి, ఊళ్లో దుకాణాల్లోనూ ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది.

అట్లాంటా_బృందం
పిల్లలకి కూడా పర్మిట్ కావాలా? పొరపాటున నదిలో పైకి నడిచి పార్కులోకి వెళ్లిపోతే?

ట్రౌట్_గాలం
12 ఏళ్ల లోపు వాళ్లకి పర్మిట్ అక్కర్లేదు, పర్మిట్ ఉన్న పెద్దవాళ్లు పక్కన ఉండాలి. పార్కు సరిహద్దు దాటితే రూలు మొత్తం మారుతుంది: రాష్ట్ర లైసెన్సు, ఒంటి కొక్కెం, కృత్రిమ ఎర మాత్రమే, వానపాము నిషేధం. కాబట్టి ఐలాండ్స్ పార్కు నుంచి దిగువకే ఉండండి. రేవెన్ ఫోర్క్ ఏటిలో పెద్ద చేపల కోసం విడిగా పెట్టిన ట్రోఫీ భాగంలోకి మాత్రం వెళ్లకండి, అక్కడ ఫ్లై ఫిషింగే, పర్మిట్ కూడా వేరే. గాలం ముల్లు ముందే శ్రావణంతో నొక్కేసి తీసుకెళ్లండి, పిల్లల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది.