వింబుల్డన్ గెలిచాక పార్ట్‌నర్‌ను వదిలేసిన నీల్సన్: తప్పా, ఒప్పా?

నెట్‌ప్లేయర్:
నిన్న రాత్రి 2012 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ మళ్ళీ చూశాను. డెన్మార్క్ కుర్రాడు ఫ్రెడరిక్ నీల్సన్, ఇంగ్లండ్ ఆటగాడు జోనథన్ మర్రే (ఆండీ ముర్రే కాదు, ఈయన వేరు). ఇద్దరూ ఒక జోడీ. ర్యాంకు సరిపోక వైల్డ్ కార్డ్ (నిర్వాహకులు ప్రత్యేకంగా ఇచ్చే అవకాశం) మీద వచ్చారు. సెమీస్‌లో డబుల్స్ దిగ్గజాలు బ్రయన్ సోదరులను ఓడించారు. ఫైనల్లో లిండ్‌స్టెడ్, టెకావ్ జోడీ మీద 4-6, 6-4, 7-6, 6-7, 6-3. వైల్డ్ కార్డ్ జోడీ ఆ కప్పు ఎత్తడం అదే మొదటిసారి. 1936 తర్వాత ఒక బ్రిటన్ ఆటగాడి చేతికి అది రావడం కూడా అప్పుడే.

ఇంత జరిగాక నీల్సన్ ఏం చేశాడు? ఇకపై సింగిల్స్ మీదే దృష్టి పెడతానన్నాడు. 2013లో టైటిల్ నిలబెట్టుకోవడానికి కూడా ఇద్దరూ కలిసి దిగలేదు. గెలిచేనాటికి మర్రేకి 31 ఏళ్ళు. ఇన్నేళ్ళు ఎదురుచూస్తే దొరికిన జోడీ అది. నా దృష్టిలో నీల్సన్ చేసింది ద్రోహమే.

బేస్‌లైన్:
ద్రోహం చాలా పెద్ద మాట అండీ. జీవితాంతం కలిసి ఆడతానని ఆయన ఎవరికైనా మాటిచ్చాడా?

అమీర్‌పేట కోర్టు:
నేను నెట్‌ప్లేయర్ గారి వైపు.

డ్రాషీట్:
ఒక సవరణ. గెలిచిన వెంటనే వదిలేసినట్టు రాశారు. అదే ఏడాది నవంబర్‌లో లండన్‌లో సీజన్ ముగింపు టోర్నీ ఇద్దరూ కలిసే ఆడారు. సెమీస్ దాకా వెళ్ళి మన భూపతి, బోపన్న చేతిలో ఓడిపోయారు.

నెట్‌ప్లేయర్:
వెంటనే అని నేనెక్కడా రాయలేదు. టైటిల్ నిలబెట్టుకోవడానికి రాలేదన్నాను. అది నిజమా కాదా?

డ్రాషీట్:
నిజమే. కానీ మీ పోస్టు చదివితే వెంటనే అన్నట్టే ఉంది.

బేస్‌లైన్:
ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. వాళ్ళ తాత కర్ట్ నీల్సన్ 1953లో, 1955లో వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్ ఆడారు. రెండుసార్లూ సీడింగ్ (టోర్నీ ముందే బలమైన ఆటగాళ్ళకు ఇచ్చే వరస) లేకుండానే వచ్చారు, రెండుసార్లూ ఓడిపోయారు. ఒకసారి సేషస్ చేతిలో, ఒకసారి ట్రాబర్ట్ చేతిలో. ఆయన 2011 జూన్‌లో పోయారు. ఏడాది తిరిగేసరికి అదే క్లబ్‌లో మనవడు కప్పు ఎత్తాడు, అయితే డబుల్స్‌లో. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ ఆట గురించి మాట్లాడుకుని ఉంటారో ఊహించండి. 28 ఏళ్ళ వయసులో సింగిల్స్‌కి ఇంకో రెండేళ్ళు ఇచ్చి చూద్దామనుకోవడం నేరమా?

నెట్‌ప్లేయర్:
సింగిల్స్‌లో ఆయన బెస్ట్ ర్యాంకు 190. గ్రాండ్ స్లామ్ మెయిన్ డ్రాలోకి (అర్హత పోటీలు ఆడకుండా అసలు టోర్నీలోకి) నేరుగా రావాలంటే దాదాపు మొదటి 100లో ఉండాలి. డబుల్స్‌లో 17వ ర్యాంకు దాకా వెళ్ళాడు. చేతిలో ఉన్నదాన్ని వదిలి లేనిదాని వెంట పడ్డాడు. పడితే పడ్డాడు, అది ఆయనిష్టం. కానీ ఇంకో మనిషిని కూడా నడిరోడ్డు మీద నిలబెట్టాడు.

డ్రాషీట్:
190 అనేది 2011 నాటి ర్యాంకు. 17 అనేది 2013 నాటిది, అది కూడా వింబుల్డన్ పాయింట్లతో వచ్చింది. రెండూ వేర్వేరు సమయాలవి, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

సాయంత్రం ప్రాక్టీస్:
నేను ఆటగాణ్ణి కాదు, ఆడే అమ్మాయికి అమ్మని. మా పాపకి 14. మీరెవరూ డబ్బు సంగతి ఎత్తట్లేదు. 2012లో వింబుల్డన్ సింగిల్స్ విజేతకు 11,50,000 పౌండ్లు. డబుల్స్ గెలిచిన జోడీకి 2,60,000, అది ఇద్దరూ పంచుకోవాలి. సింగిల్స్‌లో మొదటి రౌండ్లో ఓడిపోయినవాడికే 14,500 ఇచ్చారు. పైస్థాయిలో తేడా ఇంత ఉంటే, ఎవరికైనా మనసు సింగిల్స్ వైపు లాగదా? మన సానియా మీర్జా దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్ళింది. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళి, గాయాల వల్ల 2013లో అది మానేసి, డబుల్స్‌లో నంబర్ వన్ అయింది. హింగిస్‌తో కలిసి 2015 వింబుల్డన్ గెలిచింది. మా అకాడమీలో పిల్లల తల్లిదండ్రులు ఇప్పటికీ ఆ దారి గురించే మాట్లాడుకుంటారు.

బేస్‌లైన్:
సానియాకు సింగిల్స్‌లో తన సత్తా ఎంతో తెలిసిపోయింది. తెలిశాకే వదిలింది. అమ్మా, తేడా అక్కడే ఉంది.

నెట్‌ప్లేయర్:
ఇదంతా వింటుంటే నాకు ఒక మనిషి గుర్తొస్తున్నాడు, అందుకే చెబుతున్నా. యూనివర్సిటీ రోజుల్లో నాకో పార్ట్‌నర్ ఉండేవాడు. రెండేళ్ళు కలిసి ఆడాం. నేను సర్వ్ చేసేటప్పుడు వాడు నెట్ దగ్గర వంగి, వీపు వెనక చెయ్యి పెట్టి సైగ చేసేవాడు. పిడికిలి బిగిస్తే కదలడు, వేళ్ళు తెరిస్తే అడ్డం దూకుతాడు. ఆ చెయ్యి చూసే నేను సర్వ్ ఎటు వెయ్యాలో నిర్ణయించుకునేవాణ్ణి. జోనల్ ఫైనల్ దాకా వెళ్ళాం. మరుసటి నెల వాడు ‘నేను సింగిల్స్ చూసుకుంటాలే’ అన్నాడు, హాస్టల్ మెట్ల మీద, షూ లేసులు కట్టుకుంటూ. ఆ సీజన్‌లో నాకు ఇంకో పార్ట్‌నర్ దొరకలేదు. తర్వాత రాకెట్ పట్టలేదు.

బేస్‌లైన్:
బాధాకరమే. కానీ మీ స్నేహితుడి మీద కోపం తెచ్చి నీల్సన్ మీద వేస్తున్నారు.

నెట్‌ప్లేయర్:
మీకు అలా అనిపిస్తే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. మీరు ఎప్పుడైనా ఎవరితోనైనా కలిసి ఆడారా అసలు?

బేస్‌లైన్:
ఆడాను. ఇష్టం లేకుండా ఆడాను. పదహారేళ్ళప్పుడు మా కోచ్ నన్ను పిలిచి, నువ్వు డబుల్స్‌కే పనికొస్తావు అన్నాడు. ఉన్నది రెండు కోర్టులు, సింగిల్స్ ప్రాక్టీస్ వేరేవాళ్ళకు కావాలి. అదీ అసలు కారణం. ఎదురు చెప్పలేకపోయాను. ఇప్పుడు నాకు 41. నేను ఒంటరిగా ఆడి ఉంటే ఎంత దూరం వెళ్ళేవాణ్ణో నాకు ఎప్పటికీ తెలియదు. మీ పార్ట్‌నర్ మిమ్మల్ని వదిలినందుకు మీకు కోపం. నాకు నన్ను నేను వదిలేసుకున్నందుకు కోపం. నీల్సన్ ఆ తప్పు చెయ్యలేదు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నెమ్మది. ఆట గురించి మాట్లాడండి.

డ్రాషీట్:
ఆట గురించే చెబుతా. ఆ ఫైనల్లో ఓడిన లిండ్‌స్టెడ్, టెకావ్‌లకు అది వరసగా మూడో వింబుల్డన్ ఫైనల్ ఓటమి. 2010, 2011, 2012. ఆ తర్వాత విడిపోయారు. లిండ్‌స్టెడ్ కుబోట్‌తో కలిసి 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. టెకావ్ జాన్ జూలియన్ రోజర్‌తో (ఫెడరర్ కాదు) కలిసి 2015 వింబుల్డన్ గెలిచాడు. విడిపోవడం అన్నిసార్లూ నష్టం కాదు.

నెట్‌ప్లేయర్:
వాళ్ళు ఓడి విడిపోయారు. ఇద్దరూ డబుల్స్ కోసమే విడిపోయారు. నా బాధ ఎవరికీ అర్థం కావట్లేదు, ఇంకోసారి చెబుతా.

వదిలి వెళ్ళడం కాదు నన్ను గుచ్చుకునేది. ప్రపంచంలో డబుల్స్‌కి అంతకంటే పెద్ద కప్పు లేదు. అది గెలిచిన మనిషి కూడా, ఇది కాదు నేను కోరుకున్న టెన్నిస్ అన్నట్టే సింగిల్స్‌కి వెళ్ళాడు. అంటే మేము ఆడింది ఏమిటి? మిగిలిపోయినవాళ్ళ ఆటా? మా వాడు మెట్ల మీద అన్నమాటలో నాకు వినిపించింది అదే. నువ్వు బాగా ఆడట్లేదు అని ఉంటే ఇంకా కష్టపడేవాణ్ణి. మనం ఆడేదే చిన్న ఆట అన్నట్టు అనిపించాక కష్టపడటానికి ఏముంటుంది?

సాయంత్రం ప్రాక్టీస్:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు.

బేస్‌లైన్:
ఇప్పుడు అర్థమైంది అన్నా. కోచ్ గురించి నేను రాసింది మళ్ళీ చదువుకున్నాను. నేను కూడా డబుల్స్‌ని ఒక శిక్షలాగే రాశాను. అది నా అనుభవం, ఆట తప్పు కాదు.

కానీ ఒక్కటి గమనించండి. నీల్సన్ మళ్ళీ డబుల్స్‌కే వచ్చాడు. 2018లో జో సాలిస్‌బరీతో వింబుల్డన్ సెమీస్ ఆడాడు. 2019లో ప్యూట్జ్‌తో మ్యూనిక్‌లో టైటిల్ గెలిచాడు. ఫైనల్లో ఓడింది మన దివిజ్ శరణ్, డెమోలినర్. చిన్న ఆట అనుకుని ఉంటే 35 ఏళ్ళ వయసులో దానికోసం ఊళ్ళు తిరిగేవాడు కాదు. సింగిల్స్ ఎంత దూరం వెళ్తుందో ఒకసారి చూసుకుని వచ్చాడు, అంతే.

నెట్‌ప్లేయర్:
వచ్చాడు. మర్రే దగ్గరికి కాదు.

అమీర్‌పేట కోర్టు:
నేను ఇప్పుడు ఇద్దరి వైపూ ఉన్నాను.

సాయంత్రం ప్రాక్టీస్:
మా పాప సంగతి ఒకటి అడుగుతా, ఇద్దరూ ఆడినవాళ్ళు కాబట్టి. శుక్రవారం లోపు ఎంట్రీ పంపాలి. సింగిల్స్ పేరు ఇచ్చేశాం. డబుల్స్‌లో పార్ట్‌నర్ పేరు రాసే చోట ఖాళీగా ఉంది. ఒక అమ్మాయి వాళ్ళమ్మ అడిగారు, నేను ఇంకా ఏమీ చెప్పలేదు. రెండూ ఆడితే పాప అలిసిపోతుందేమోనని టెన్షన్.

బేస్‌లైన్:
పాపనే అడగండి అమ్మా. తనకి ఆడాలనుంటే ఆడనివ్వండి.

నెట్‌ప్లేయర్:
ఆడించండి. కానీ ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క టోర్నీకేనా, సీజన్ మొత్తానికా అన్నది ముందే చెప్పండి. ఆ రెండో పాపకు తెలియాలి.