అప్‌డేట్: తక్కువ శక్తి ఆంప్లిఫయర్‌కు సరిపడే టవర్ స్పీకర్లు

ఎనిమిది వాట్ల ఆంప్లిఫయర్‌కు తగిన, ఖర్చు తక్కువైన టవర్ స్పీకర్లు ఏవని నేను అడిగినప్పుడు, సెన్సిటివిటీ (నిర్ణీత విద్యుత్తు ఇస్తే స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో చెప్పే) అంకెతోపాటు ఇంపిడెన్స్‌ను (విద్యుత్తుకు స్పీకర్ చూపే నిరోధాన్ని, ఓంలలో) కూడా చూడమని చెప్పినవారికి ముందుగా కృతజ్ఞతలు. సెన్సిటివిటీని సాధారణంగా కొలిచే 2.83 వోల్టులు 8 ఓంల స్పీకర్‌కు ఒక వాట్ అయితే, 4 ఓంల స్పీకర్‌కు రెండు వాట్లు అవుతాయి కనుక, నేను మొదట మెచ్చిన 4 ఓంల జత 93 డెసిబెల్స్ అని చూపినా, ఒక వాట్ లెక్కన నిజానికి 90 మాత్రమే.

చివరికి హార్న్ ట్వీటర్ (హెచ్చు స్వరాలను వినిపించే, బాకా ఆకారపు చిన్న స్పీకర్) ఉన్న, 96 డెసిబెల్స్, 8 ఓంల పాత జతను తీసుకున్నాను. 90 డెసిబెల్స్ స్పీకర్‌తో పోలిస్తే అదే శబ్దానికి నాలుగో వంతు శక్తి చాలు.

పెట్టె పక్క పలకలు మోగుతుండడంతో లోపల అడ్డంగా చెక్క బద్దలు అతికించాను. బేస్ స్వరాలు విడివిడిగా వినిపించడం నాకు అన్నిటికన్నా సంతోషాన్నిచ్చింది. క్రాసోవర్‌లో (హెచ్చు, తగ్గు స్వరాలను విడదీసి తగిన స్పీకర్‌కు పంపే సర్క్యూట్‌లో) ట్వీటర్ మార్గంలోని పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల స్థానంలో అదే విలువ గల పాలీప్రొపిలీన్‌వి (ప్లాస్టిక్ పొరతో చేసినవి) వేశాక, వాటి అంతర్గత నిరోధం తక్కువైనందువల్ల కాబోలు, గాయని గొంతులోని 'స' కారం కాస్త పదునెక్కింది. ట్వీటర్‌కు ముందు వరుసగా 1.6 ఓంలు, ట్వీటర్‌కు సమాంతరంగా 31 ఓంలు రెసిస్టర్లు కలిపితే, క్రాసోవర్‌కు కనిపించే 8 ఓంల భారం మారకుండానే ట్వీటర్ శబ్దం సుమారు 2 డెసిబెల్స్ తగ్గి, గొంతు సహజంగా వినిపిస్తున్నది. పోర్టును (పెట్టెకున్న గాలి రంధ్రాన్ని) మాత్రం ముట్టుకోలేదు.