డిజిటల్ ప్రింట్ చీరని కలంకారీ అనొచ్చా?

సువర్ణ_హైదరాబాద్: కలంకారీ అని చెబితే చీర కొన్నాను. తిప్పి చూస్తే వెనకంతా తెలుపు. డిజిటల్ ప్రింట్ అట. బొమ్మ మాత్రం చాలా బాగుంది. ఇది కళేనా?

కాళహస్తి_కలం: కాదు. మా ఇంట్లో బట్టని కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలు పడితేనే రంగు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీస్తారు. ఆ నీళ్లు కరక్కాయకి తగిలి గీత నల్లబడుతుంది. తప్పు పడితే చెరపలేం. పటిక పూసిన చోటే ఎరుపు పడుతుంది. మధ్యలో ఎన్ని ఉతుకులో! మెషీన్‌లోంచి తీసినదానికీ ఇదే పేరా?

పెడన_అచ్చు: అన్నా, మేం కలం పట్టం, చెక్క అచ్చులతో అద్దుతాం. అయినా మా మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అచ్చూ ప్రింటే కదా?

కాళహస్తి_కలం: అచ్చు చెక్కేదీ అద్దేదీ చెయ్యే తమ్ముడూ.

రేఖలు: ట్యాబ్ మీద నేను గీసేదీ చేత్తోనే అండీ. నెమలి ఈకల వరస కుదరక తెల్లవార్లూ కూర్చున్న రోజులున్నాయి.

రమణ: అన్‌డూ ఉంటే సాధన ఎందుకు?

రేఖలు: అన్‌డూ గీతని చెరుపుతుంది. మంచి గీత గీసిపెట్టదు.

పెడన_అచ్చు: అచ్చు ప్రింటా కాదా, అది తేల్చండి ముందు.

కాళహస్తి_కలం: మా నాన్న నెలల తరబడి గీసిన పరదాని ఎగ్జిబిషన్‌లో ఎవరో ఫొటో తీసుకుపోయారు. ఏడాది తిరక్కుండా అదే బొమ్మ పాలిస్టర్ చీర మీద! ఇప్పుడు మా రేటు చెబితే ‘బయట ఎనిమిది వందలకే వస్తోంది’ అంటున్నారు. కళో కాదో మీరే తేల్చుకోండి. మా పేరు పెట్టి అమ్మకండి, అంతే.

రేఖలు: ఆ కోపం నా మీద చూపిస్తే ఎలా? నా డిజైన్‌కి ఒక్కసారి డబ్బిచ్చి, ఏళ్ల తరబడి ప్రింట్లు కొడుతూనే ఉన్నారు. నా పేరు ఎక్కడా లేదు. కలంకారీ అని చీటీ అంటించింది నేనా?

కాళహస్తి_కలం: అయితే ‘డిజిటల్ ప్రింట్’ అని రాయమని మీరూ అడగండి.

రేఖలు: అడుగుతాను. గీసినవాళ్ల పేరూ వెయ్యమంటాను. అప్పుడైనా నన్ను కళాకారిణి అంటారా?

కాళహస్తి_కలం: మీ బొమ్మని కళ అంటాను. ఆ చీరని కలంకారీ అనను.

పెడన_అచ్చు: రాస్తే అందరూ రాయాలి. కెమికల్ రంగులేసి కరక్కాయ రంగులని అమ్మేవాళ్లు మనలోనూ ఉన్నారు. దానికి ఒప్పుకుంటావా అన్నా?