‘వేగపడక’నా, ‘వేగపడుచు’నా?

లంకలగన్నవరం:
పెద్దలందరికీ నమస్కారం. ఒక పాదం చాలాకాలంగా బుర్ర తొలిచేస్తోంది. మా పెదనాన్నగారికి షార్ట్‌వేవ్ రేడియో పిచ్చి. పెరట్లో రెండు కొబ్బరిచెట్లకి రాగితీగ లాగి కట్టి, దాన్ని కిటికీలోంచి సెట్టుకి తగిలించేవారు. బీబీసీలో ఆలిస్టర్ కుక్ ‘లెటర్ ఫ్రమ్ అమెరికా’ వారం తప్పేది కాదు. ఆయన ప్రసంగం అయిపోయాక ముల్లు అటూ ఇటూ తిప్పి, దొరికిన రాజకీయ చర్చలూ టాక్ షోలూ అన్నీ వినేవారు. వింటూ వింటూ మధ్యలో గట్టిగా ఒక పాదం అనేవారు:

వినినంతనె వేగపడుచు వివరింపదగున్

సుమతీ శతకంలో ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం రెండో పాదంలో ‘వేగపడక’ అని అందరికీ తెలుసు. ఆయన మాత్రం ‘పడుచు’ అన్నట్టే నా చెవిలో ఉంది. అది ఎక్కడైనా ఉన్న పాఠాంతరమా, ఆయన సొంత వెక్కిరింపా? కుక్ గారిని ఉద్దేశించి అనేవారా, తర్వాత వచ్చేవాళ్ళనా అన్నది కూడా తేలడం లేదు.

యతిమైత్రి:
‘గపడక’ నలమే (నాలుగూ లఘువులే), ‘గపడుచు’ నలమే. కాబట్టి ఆరో గణానికి ఏ ఇబ్బందీ లేదు. యతి ‘వినినం–వివరిం’ మీద పడింది కనుక దానికీ సంబంధం లేదు. ‘వేగిరపడక’ అని విన్నానని ఉంటే ఒక్క ముక్కలో కొట్టిపడేసేవాణ్ణి. ఛందస్సు ఇద్దరికీ ఓటేసి చేతులు దులుపుకుంది. ఇక అర్థం దగ్గరే తేల్చుకోవాలి.

పాలకొల్లు పంతులు:
అర్థం దగ్గర తేలిపోయే ఉంది కదండీ. విన్న వెంటనే వేగపడి వివరించమంటే, మూడో పాదంలో ‘కని కల్ల నిజము దెలిసిన’ అనడం దేనికి? పాఠాంతరం ప్రసక్తే లేదు, అది శుద్ధ వెక్కిరింపు. అయితే అందులో మజా వేరే ఉంది. ‘క’ తీసి ‘చు’ పెట్టగానే పక్కనున్న ‘వివరింప’ అర్థం మారిపోయింది చూశారా? ‘వేగపడక వివరింపదగున్’ అన్నప్పుడు ‘వివరించు’ అంటే విచారించు, తరచి చూడు అని. ‘వేగపడుచు’ అనేసరికి అది మనం ఇప్పుడు వాడే ‘వివరించి చెప్పు’ అయిపోయింది. పెదనాన్నగారు సామాన్యులు కారు.

కొవ్వూరు గట్టు:
పంతులుగారూ, ‘వివరించు’కి ‘విచారించు’ అన్న అర్థం మీరు పద్యంలోకి తోస్తున్నారు. వివరణ అంటే విప్పి చెప్పడమే. వి ఉపసర్గ, వృ ధాతువు. మూసినది తెరవడం. విన్నది వెంటనే నలుగురికీ చెప్పెయ్యకు, నిదానంగా విప్పి చెప్పు అంటున్నాడు బద్దెన. అందులో ఇబ్బందేముంది?

పాలకొల్లు పంతులు:
ఇబ్బంది అదే శతకంలో ఉంది.

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా

ఇక్కడ ఎవరు ఎవరికి ఏం విప్పి చెబుతున్నారో సెలవియ్యండి. ‘ఆలోచించి చూస్తే’ అనే అర్థం తప్ప ఇంకొకటి కుదరదు.

కొవ్వూరు గట్టు:
అది పాదపూరణ. రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకోండి. రెండింట్లోనూ రెండో పాదం నాలుగో గణమే. మొదట ‘విని’ ఉంటే అక్కడ ‘వివరింప’, మొదట ‘విపరీతము’ ఉంటే అక్కడా ‘వివరింప’. వి-యతి పడాల్సిన చోట బద్దెన చేతికందిన మాట అది. యతి కోసం తెచ్చిన మాటకి అంత బరువైన అర్థం మోపకండి.

యతిమైత్రి:
యతి కోసం తెస్తే అర్థం ఉండదని ఎక్కడుంది? ‘విచారింప’ అన్నా వి-యతి కుదిరేదే. కానీ ‘విచారిం’ అంటే లఘువు, రెండు గురువులు. అయిదు మాత్రలు కందంలో పట్టవు. అందుకే అదే అర్థంలో పట్టే మాట వేశాడు. మీ వాదనే పంతులుగారికి సాక్ష్యం చెబుతోంది.

షార్ట్‌వేవ్ కాకినాడ:
పద్యం సంగతి మీరు చూసుకోండి, నేను కుక్ గారి తరఫున వచ్చాను. ఆయన్ని చూసి ఎవరూ ‘వేగపడుచు’ అనరు. 1946 మార్చిలో, పదమూడు వారాలు మాట్లాడమంటే మొదలుపెట్టిన మనిషి 2004 ఫిబ్రవరి దాకా మాట్లాడాడు. 2869 ప్రసంగాలు. ఆపేసిన నెల తర్వాత, మార్చి 30న, 95 ఏళ్ళకి పోయాడు. పుట్టింది ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో, పౌరసత్వం అమెరికాది. అంచేత రెండు దేశాల గుట్టూ తెలుసు. ఎన్నికల వారం కూడా ఏ గోల్ఫ్ ఆటతోనో, చెట్ల ఆకులు రంగు మారడంతోనో ఎత్తుకుని, అధ్యక్షుడి దగ్గరికి చివర్లో ఎప్పుడో వచ్చేవాడు. 1968 జూన్‌లో లాస్ ఏంజెలెస్ అంబాసడర్ హోటల్లో రాబర్ట్ కెన్నెడీని కాల్చినప్పుడు ఆ హోటల్లోనే ఉన్నాడు. అక్కడ కళ్ళతో చూసినవాడు కూడా ఆ వారం గొంతు పెంచలేదు. ‘చు’ ఆయనకి అంటదు. తర్వాత వచ్చే అరుపులవాళ్ళకి అని ఉంటారు.

ఇంకోటి. ఇటువైపు బీబీసీ చాలావరకు లండన్ నుంచి నేరుగా వచ్చేది కాదు. ఒమన్ దగ్గర మసీరా దీవిలో రిలే స్టేషన్ ఉండేది, 2002 దాకా. సాయంత్రం 31, 41, 49 మీటర్ల బ్యాండ్లు బాగా పలికేవి. పగలు 19కో 16కో పోవాలి. ఏదైనా పైన అయనోవరణం, అంటే రేడియో తరంగాల్ని తిప్పి కిందికి పంపే పొర, దాని దయే. అలలాగా గొంతు లేచి పడేటప్పుడు మాట చివరి అక్షరం మింగేసేది. మీకు ‘క’ వినపడకపోవడం అందుకే అనిపిస్తోంది.

లంకలగన్నవరం:
ఆయ్, పద్యం చదివింది మా పెదనాన్నండి, మసీరా కాదు. ఆయన పక్క కుర్చీలోనే కూర్చునేవారు.

తణుకు తెలుగు:
కుక్‌ని టాక్ షో లెక్కలో వేస్తున్నారేమిటి? పావుగంటసేపు ఒక్కడే మాట్లాడతాడు, అవతల మనిషే ఉండడు. దానికి మన రేడియోలో ‘ప్రసంగం’ అనే చక్కని మాట ఉంది. హోస్ట్‌ని ఇప్పుడు టీవీలవాళ్ళు ‘ప్రయోక్త’ అంటున్నారు గానీ ఆకాశవాణిలో ప్రయోక్త అంటే ప్రొడ్యూసర్. వ్యాఖ్యాత అందామంటే క్రికెట్ గుర్తొస్తుంది.

ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడుతూనే మాటామంతీలా వినిపించడం ఎలాగో చూడాలంటే ఉషశ్రీగారి ‘ధర్మసందేహాలు’ వినాలి. విజయవాడ కేంద్రం. శ్రోత ఉత్తరం రాస్తాడు, ఆయన జవాబిస్తాడు. కొందరికి జవాబుతోపాటు చీవాట్లు కూడా పడేవి. 1928లో పుట్టారు, ఊరు మన కాకరపర్రు. గోదావరి నీళ్ళు తాగిన గొంతు అలాగే ఉంటుంది మరి.

ఆత్రేయపురం:
ఎవరూ అసలు విషయం పట్టుకోలేదు. ‘వివరం’ అంటే సంస్కృతంలో రంధ్రం. ‘కర్ణవివరం’ అంటే చెవి కన్నం. పద్యం మొదలైందే ‘వినదగు’ అని. కనుక ‘వివరింపదగున్’ అంటే చెవి తెరిచి, శ్రద్ధగా ఒంటబట్టించుకోవాలి అని. రేడియో వినేవాళ్ళకి ఇంతకన్నా సరిపోయే పద్యం లేదు.

యతిమైత్రి:
ఆ లెక్కన ఆకాశవాణిలో ముఖ్యాంశాలు చదివాక ‘ఇప్పుడు వివరాలు’ అన్నప్పుడల్లా కన్నాలు చూపించాలి.

ఆత్రేయపురం:
నవ్వితే నవ్వండి. కన్నమూ వివరణా ఒకే ధాతువు బిడ్డలని కొవ్వూరువారే పైన ఒప్పుకున్నారు.

కొవ్వూరు గట్టు:
నేను తెరవడం అన్నాను, తవ్వడం అనలేదు.

మామిడికుదురు:
నాకు ఛందస్సు అంతంతమాత్రం గానీ, మా వైపు మాట ఒకటి చెబుతాను. ‘వాడు వివరం ఉన్న మనిషి’ అంటాం. అంటే బాగా వివరించి చెబుతాడని కాదు, మంచీ చెడూ ఎరిగినవాడని. ‘వివరం లేనోడు’ అన్నామంటే తెలివి తక్కువ అనే. ఎవరైనా ఏదో చెబితే ‘వివరం కనుక్కో’ అంటాం. పంతులుగారు చెప్పిన పాత అర్థం మా అరుగుల మీద ఇంకా బతికే ఉంది.

1986 ఆగస్టు వరదప్పుడు చూడాలి ఈ పద్యం. రాత్రయ్యేసరికి గట్టు తెగిందని ఒకడు, తెగలేదు గండి పడబోతోందని ఇంకొకడు. ఎవరి నోట విన్నా సొంతకళ్ళతో చూసినట్టే చెప్పేవారు. సామాన్లు అటక మీదకి ఎక్కించడం, పశువుల పలుపులు విప్పి గట్టు మీదకి తోలడం, ఒకటే టెన్షన్. మా తాతయ్య మాత్రం ట్రాన్సిస్టరు ఒళ్ళో పెట్టుకుని, “ధవళేశ్వరం దగ్గర ఎంతుందో చెప్పనీ” అని కూర్చున్నాడు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా లంకల్లో పిల్లలకి కూడా నోటికొచ్చు. రేడియోలో అడుగులు చెప్పాక, ఆ నీరు మా రేవుకి ఎప్పటికొస్తుందో వేళ్ళ మీద లెక్కేసుకుని, అప్పుడు లేచాడు. వేగపడక వివరించడమంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. ఎవరికీ ఏమీ విప్పి చెప్పలేదు.

పాలకొల్లు పంతులు:
అయ్యా మామిడికుదురుగారూ, మీకో దణ్ణం. ‘వివరం ఉన్న మనిషి’ ఒక్కటి చాలు.

కొవ్వూరు గట్టు:
వాడుకలో అర్థం ఉండటం వేరు, పదమూడో శతాబ్దపు కవికి ఆ అర్థం ఉద్దేశంలో ఉండటం వేరు. అయినా ‘విప్పి చెప్పు’ అనాలంటే తెలుగులో మాటలకి కరువా? తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యం తీసుకోండి. కృష్ణుడు దుర్యోధనుణ్ణి నిలదీసి ‘యేర్పడ చెప్పుము కౌరవేశ్వరా’ అంటాడు. ‘ఏర్పడ’! ఒక్క తెలుగు మాటలో స్పష్టంగా, తేటగా, అటో ఇటో తేల్చి అని అన్నీ వచ్చేశాయి.

యతిమైత్రి:
ఇప్పుడు మీరే చెప్పారు కదా, విప్పి చెప్పడానికి వేరే మాటలున్నాయని. మరి బద్దెన ‘వివరింప’ని దానికే వాడాడని ఎందుకంటున్నారు?

కొవ్వూరు గట్టు:
నేను కవిగారి మాట చెబుతున్నాను, మీరు నా మెడకి చుడుతున్నారు.

తణుకు తెలుగు:
రాయబారం పద్యాలు వచ్చాయి కాబట్టి ఒక్క ముక్క. ఆ ‘చెల్లియో చెల్లకో’ పద్యాన్ని మించిన రాజకీయ ఇంటర్వ్యూ ఏ రేడియోలో వచ్చింది? జరిగింది పక్కన పెట్టి, వచ్చిన పని చెప్పి, రెండే దారులు చూపించి, నీ జవాబేమిటని అడుగుతాడు. నాలుగు పాదాల్లో అయిపోతుంది. ఇప్పటి హోస్టులు ప్రశ్న అడగడానికే అంతకి రెట్టింపు సమయం తింటారు, జవాబు మొదలవగానే అడ్డం పడతారు. చెళ్ళపిళ్ళవారిది కడియం, దివాకర్లవారిది యండగండి. గోదావరికి అటొకరు, ఇటొకరు. స్టేజీ మీద హార్మోనియం శ్రుతి అందుకుని ఆ ‘కౌరవేశ్వరా’ని సాగదీస్తుంటే ఒన్స్‌మోర్ కొట్టకుండా ఇంటికెళ్ళిన ఊరు మన జిల్లాల్లో లేదు.

ఆత్రేయపురం:
వాళ్ళ మీసాల పద్యం కూడా ఎవరైనా ఎత్తుకోండి, రోజు గడిచిపోతుంది.

లంకలగన్నవరం:
ఒక్క నిమిషమండి. పెదనాన్నగారి రేడియో నోటుబుక్కు దొరికింది, అటక మీద బియ్యం డబ్బా వెనకాల. తేదీ, టైము, మీటర్లు, ఆ పక్కన ఐదంకెల గడి. కొన్ని చోట్ల 45343 అని, కొన్ని చోట్ల 32222 అని. చివరి గడిలో కొన్ని ప్రసారాలకి ఎర్రసిరాతో ‘వే.ప.’ అని రాసి ఉంది.

యతిమైత్రి:
‘వే.ప.’ అంటే వేగపడకా అవుతుంది, వేగపడుచూ అవుతుంది! ఆ మహానుభావుడు ఇంకొక్క అక్షరం రాసి ఉంటే ఈ గ్రూపుకి పని తప్పేది.

షార్ట్‌వేవ్ కాకినాడ:
ఐదంకెలు సిన్పో కోడ్. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల అడ్డు, రొద, ఫేడింగ్, చివరికి మొత్తం ఎలా ఉందని. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. అవతల స్టేషన్లకి రిపోర్టు పంపి క్యూఎస్ఎల్ కార్డులు (మా ప్రసారం విన్నారు నిజమే అని స్టేషన్ ఇచ్చే కార్డులు) తెప్పించుకునేవాళ్ళు ఇలాగే రాసుకుంటారు. బీబీసీవాళ్ళు కార్డులు పంపేవాళ్ళు కాదు, అయినా కుక్‌కి కూడా మార్కులు వేశారంటే నిఖార్సైన మనిషి. ‘వే.ప.’ ఎవరెవరి పక్కన ఉందో చూడండి. కుక్ పక్కన లేకపోతే నేను చెప్పిందే ఖాయం.

లంకలగన్నవరం:
కుక్ పక్కన కొన్నిచోట్ల ఉందండి. అరుపులవాళ్ళ పక్కన దాదాపు అన్నిచోట్లా ఉంది. ఒక ధవళేశ్వరం వరద బులెటిన్ పక్కన కూడా ఉంది.

మామిడికుదురు:
వరద బులెటిన్ పక్కన ‘వేగపడుచు’ అని ఎవడూ రాయడు. అది ‘వేగపడక’ అయి తీరాలి.

షార్ట్‌వేవ్ కాకినాడ:
అరుపులవాళ్ళకి ‘చు’, మిగతావాళ్ళకి ‘క’. మనిషిని బట్టి అక్షరం మార్చేవారన్నమాట. ఇంతకీ కుక్‌ని విన్నది 31 మీటర్లలోనా, 25లోనా? ఆ పేజీ ఫొటో పెట్టండి.

కొవ్వూరు గట్టు:
ఒకే గుర్తుకి రెండర్థాలు పెట్టుకుని నోటుబుక్కు రాసేవాడు ఉంటాడా? రెండుచోట్లా ఒకటే అయి ఉండాలి. అది పద్యంలో ఉన్నదే. ‘చు’ అన్నది పిల్లవాడి చెవి.

పాలకొల్లు పంతులు:
నోటుబుక్కు సంగతి వాళ్ళింటి వ్యవహారం. కొవ్వూరువారూ, మీరు ‘ఉపకారికి’ పద్యం పాదపూరణ అని దాటేశారు గానీ, దాని నాలుగో పాదం ‘నెప మెన్నక సేయువాడు నేర్పరి’లో ‘నెపము’కి ఏం చెబుతారు? సాకు అంటారా, తప్పు అంటారా? అపకారం చేసినవాడి తప్పు ఎంచకుండానా, ఏ సాకూ వెతక్కుండానా? ముందు అది ఏర్పడ చెప్పండి, తర్వాత ‘వివరింప’ దగ్గరికి వద్దాం.

కొవ్వూరు గట్టు:
‘నెపము’ మీద నాకు పాత పేచీ ఉంది. రాత్రికి రాస్తాను. ఈలోగా ఎవరూ నిఘంటువులు దించకండి.